ఒకటి, మూడు, రెండు

అక్టోబర్ 6, సోమవారం

కో నాయింగ్ గేలాల కొట్టుకి వెళ్ళాను. మూడు ముళ్ళ గేలాలు నాలుగు కావాలి, అంతే. వాడు రీలు అంటగట్టబోయాడు. బంగారు రంగు. గాజుల కొట్టులో పెట్టుకోవలసిన సరుకు. లోపల పదమూడు బేరింగులట. "ఊజీ, తిప్పి చూడండి, వెన్న!" ఊజీ అంటే పెద్దాయన. మర్యాద నోట్లోనే, కళ్ళలో లేదు. గాలికి తిరగని రీలు ఎక్కడైనా ఉందా? పండుగప్ప చేప నోట్లో ముల్లు దిగి ఒక్క గుంజు గుంజినప్పుడు తిరగాలి. రెండు వేళ్ళతో పక్కలు నొక్కాను — అగ్గిపెట్టెలా లోపలికి పోయింది. చూపించాను. వాడికి కోపం. "మీ కాలం వేరు ఊజీ."

నా కాలంలో అమ్మేవాడికి ఏం అమ్ముతున్నాడో తెలిసేది.

రాడ్లన్నీ ఎండ పడే గోడకి చేరవేసి పెడతాడు. ఆర్నెల్లకి అవి కూడా వాడి నడుంలాగే వంగుతాయి.

అక్టోబర్ 7

నాలుగు గేలాల్లో రెండు మొద్దు. బొటనవేలి గోటి మీద పెట్టి లాగితే జారిపోతున్నాయి. పదునున్న ముల్లు గోటికి పట్టుకుంటుంది, కదలదు. సానరాయి మీద నేనే దిద్దాను. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు... పరాయివాళ్ళ తప్పులు దిద్దే బతికాను. ఇప్పుడు గేలాలు.

అక్టోబర్ 9

తిరి వచ్చింది. నా బావమరిది పోలయ్య కూతురు.

నా భార్య నూకాలు పోయిన రోజు పోలయ్య వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. సొంత అక్క శవం లోపల, వాడు బయట. నేను రమ్మనలేదు. ఆ తర్వాత ఆ ఇంటి మనిషి నా గడప తొక్కడం ఇదే.

"మావయ్యా, ఫేఫే ఇది ఇమ్మన్నారు." నాన్నని ఫేఫే అంటుంది. తల్లి బర్మా మనిషి. నది అవతల, దలా ఒడ్డున, తెలుగు అంతకంత చిక్కిపోయింది. గుడ్డ సంచిలో రీలు. నా రీలు. నేనే వాడి మీదికి విసిరిన రీలు.

"డ్రాగ్ పట్టేస్తందంట. కొట్లలో ఎవ్వరూ ఇప్పలేకపోనారు."

"పంతొమ్మిదేళ్ళు ఏం చేశాడు?"

"బీరువాలో ఉండీది."

"ఇప్పుడెందుకు?"

"సేపలకెల్తారంట."

"ఎవరితో?"

నవ్వింది. తండ్రి నవ్వే. పళ్ళన్నీ బయటపెట్టి, సంగతి మాత్రం లోపల పెట్టుకుని.

దలాలో వాణ్ణి ఊ పో అంటారు. పోలయ్యలో సగం. బర్మావాళ్ళకి అది గౌరవం. తెలుగు చెవికి మాత్రం — ఊఁ, పో. పంతొమ్మిదేళ్ళ కిందట నేను వాణ్ణన్నదీ అదే.

అక్టోబర్ 10

రీలు బల్ల మీద. ముట్టుకోలేదు.

ఆ రోజు ట్వాంటే కాలువ మొగలో ఉన్నాం. సాంపాన్‌లో నేను, పోలయ్య, తెడ్డు వేసేవాడు. రాడ్డు పోలయ్య చేతిలో ఉంది. చేప పట్టింది. నీళ్ళ మీదికి లేచింది — నా గుండెల ఎత్తు, ఈ పేజీతో అబద్ధం ఎందుకు. మళ్ళీ మునిగి పరుగు తీసింది. పరుగు తీసే చేపకి దారం ఇస్తూ పోవాలి. రీల్లో డ్రాగ్ ఉన్నది అందుకే. బిగువు తగ్గకుండా, లాగినకొద్దీ వదలాలి. వదల్లేదు. టప్...

"రీలు పట్టీసింది బావా!"

"నువ్వు బిగించేశావు. నేను కట్టిన రీలు పట్టెయ్యదు."

"నానేటీ ముట్టుకోలేదు. అప్ప మీద ఒట్టు."

చేప కోసం అక్క మీద ఒట్టు పెట్టే వెధవ అన్నాను. ఒడ్డుకొచ్చాక టీకొట్టులో, పదిమంది ముందు, మళ్ళీ అన్నాను. రాడ్డు నుంచి రీలు ఊడదీసి వాడి మీదికి విసిరాను. ఇంటికొచ్చి నూకాలుతో చెప్పాను: ఆ ఒడ్డుకి పోతే మళ్ళీ ఈ గడప ఎక్కనక్కర్లేదని.

పదిహేనేళ్ళు ఆమె దలా పోలేదు. తర్వాత పోయింది — దలాకి కాదు.

తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి. నేను అడిగింది అంతే. ఒక్క మాట.

అక్టోబర్ 12, ఆదివారం

విప్పాను. పాత పేపరు పరిచి, పిడి, మూత, మరలు — విప్పిన వరసలోనే పెట్టుకుంటూ. గ్రీజు ముదురు పాకంలా గట్టిపడింది. కిరసనాయిలు, పళ్ళ బ్రష్షు, గంటన్నర. ఉప్పు ఎక్కడా పట్టలేదు. అంటే బీరువాలో పెట్టేముందు పోలయ్య మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. ఆ ఒక్క బుద్ధైనా నా దగ్గర నేర్చుకున్నాడు. పళ్ళచక్రం ఇత్తడిది, గీత పడలేదు. కో నాయింగ్ బంగారు రీళ్ళలో ఇత్తడి వెతకమనండి.

చివర డ్రాగ్. ఐదు బిళ్ళలు. ఉక్కు, నార, ఉక్కు, నార, ఉక్కు. ఒకటి విడిచి ఒకటి. ఉక్కు మీద ఉక్కు పడకూడదు, పడితే కొరుక్కుని పట్టేస్తాయి. గ్రీజు పూశాక అన్నీ నలుపే, ఒకే మందం. అందుకని అంచున సూదితో తెలుగు అంకెలు గీసుకునేవాణ్ణి. మా పేట పజుండౌంగ్‌లో ఆ అంకెలు చదవగలిగినవాళ్ళు నలుగురు ఉంటే గొప్ప. ఇంకొకడు వేలు పెట్టకుండా అదే తాళం.

పైనుంచి ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టాను.

౧. ౩. ౨. ౪. ౫.

అక్టోబర్ 13

అద్దాలు మార్చుకుని చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ౧. ౩. ౨.

అక్టోబర్ 14

పోలయ్య పని. విప్పి తారుమారు చేసి పంపాడు. వాడికి తెలుగు చదవడం రాదు, ఎలా పడితే అలా పెట్టి ఉంటాడు.

పొద్దున్నంతా ఇదే నమ్మాను. మధ్యాహ్నం ఒకదాని మీద ఒకటి పడిన ఉక్కు బిళ్ళలు, ౧, ౩, రెండూ తుడిచి వెలుగులో పెట్టాను. ఒకదాని ముఖం మీద ఇంకొకటి కోసిన గాడి. గుండ్రంగా, లోతుగా. బీరువాలో కూర్చున్న రీలుకి అలాంటి గాడి పడదు. గుండెల ఎత్తు చేప లాగితే పడుతుంది.

చేప పోయిన రోజు వేకువన కరెంటు లేదు. మొదటి పడవ అందుకోవాలి. కొవ్వొత్తి పెట్టుకుని బిగించాను. ౨కి, ౩కి మధ్య తేడా ఒక్క మెలిక.

ఎన్ని పుస్తకాలు చదివాను! రాజులు, యుద్ధాలు, ఒక్క అపార్థంతో కూలిన వంశాలు. చదువుతూ ఎంత తెలివిగా నవ్వుకునేవాణ్ణి.

అక్టోబర్ 16

బిళ్ళలు రాయి మీద నున్నగా అరగదీశాను. నార బిళ్ళలు కొత్తవి కోసుకున్నాను. సరైన వరసలో పెట్టి బిగించాను. దారం కొసకి నీళ్ళ సీసా కట్టి మెట్ల మీంచి వదిలాను. ఎక్కడా ఆగలేదు, అదరలేదు. నూతిలోకి దించిన బిందెలా దిగింది.

తిరి వచ్చి తీసుకెళ్ళింది. "ఏటి సెప్పమన్నారు?"

"నూనె వేశానని చెప్పు."

అక్టోబర్ 18

ఫోను.

"బావా."

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ గొంతు. ముసలిదైపోయింది. నాది మాత్రం ఏం తక్కువ.

"ఊఁ."

"రీలు నీరులాగ వదిలేస్తంది. ఏటి సేసినావు?"

"కడిగి నూనె వేశాను."

"అంతేనా?"

"అంతే."

"లోపల ఏటీ లేదా?"

"ఏముంటుంది? పాత గ్రీజు."

వాడి వెనక కోడి కూసింది.

"రేపు కాదు, పై ఆదివారం రా. మా ఎనకాల సెరువులో కకతిట్ పడతంది." పండుగప్పకి వాడి బర్మా పేరు. చేపకి కూడా తెలుగు మిగల్చలేదు.

"చూస్తాను" అన్నాను.

'అంతేనా' అని రెండుసార్లు అడిగినట్టే లెక్క. వాడికేం తెలుసు? వాడికేం తెలియదు. వాడికి వాషర్ బిళ్ళలంటే దోసెలు.

అక్టోబర్ 20

తిరి. డబ్బాలో ఎండు రొయ్యల బాలచాంగ్ వేపుడు తెచ్చింది. కూర్చోమనకుండానే కూర్చుంది.

"మావయ్యా, కోప్పడకండి. నానొకటి సెప్పీసి ఎల్లిపోతాను."

"చెప్పి వెళ్ళు."

"ఫేఫే అది అప్పుడే ఇప్పి సూసినారు. సేప పోయిన వారంలోనే. ఇనప బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయంట. ఆ గీతలేటో తెలక అత్తకి సూపించినారు. అత్తే సదివింది."

"ఏ అత్త?" అన్నాను. వెధవ ప్రశ్న. ఆ పిల్లకి ఉన్నది ఒక్క అత్త.

"నూకాలు ఎక్కడ చూసింది?"

"మా ఇంట్లోనే. శనివారాలు వచ్చీది కదా. గుడికని సెప్పి."

శనివారాలు. బహువచనం.

"ఏమంది?"

"ఎలాగుంటే అలాగే మూసీమంది. ఆయనకి సెప్పొద్దు, ఆయన తట్టుకోలేరు అని. ఫేఫే దగ్గర ఒట్టు ఏయించుకుంది."

"మరిప్పుడు నాకెందుకు పంపాడు? పరీక్షా?"

"అత్త లేదు కదా, ఇప్పుడైనా మీ నోటంట మీరే సెప్తారేమో అన్నారు. మొన్న ఫోను పెట్టీసినాక అన్నం తినలేదు."

డబ్బా మూత తీయలేదు. తీస్తే నా వంటగదిలోనే నేను దొంగతనం చేసినట్టుంటుంది.

అక్టోబర్ 21

కాబట్టి నూకాలు ప్రూఫు చూసింది. తప్పు పట్టుకుంది. అంచున గుర్తు పెట్టకుండా వదిలేసింది.

ఈ బల్ల దగ్గరే నేను పోలయ్యని తిడుతూ తినేవాణ్ణి. పులుసులో తల ముక్క నాకే వేసేది. "బాగా తినండి, తిట్టడానికి ఓపికుండాలి కదా" అనేది. నేను నవ్వేవాణ్ణి. నా వైపు మనిషి అనుకునేవాణ్ణి.

పదిహేనేళ్ళు! శనివారం పొద్దున్న పూల బుట్టతో వెళ్ళేది. మధ్యాహ్నానికి వచ్చేది. ప్రసాదం పెట్టేది. ఆ ప్రసాదం ఏ కొట్లో కొనేదో.

తట్టుకోలేరట. ఎవరు నిర్ణయించారు? ఒకసారి చెప్పి చూడవలసింది. చెబితే... ఇల్లు ఎగరగొట్టేవాణ్ణి. ఆమెనీ, తమ్ముణ్ణీ కలిపి తిట్టేవాణ్ణి. గీతలు మీరే మార్చారనేవాణ్ణి. నిజమే. అయినా చెప్పవలసింది. నన్ను అంత చిన్నవాణ్ణని తేల్చేసి, అంత ప్రేమగా అన్నం పెట్టడానికి ఆమెకేం హక్కు?

జవాబు చెప్పని మనిషితో పోట్లాట. నా అలవాటుకి ఇంతకన్నా శిక్ష లేదు.

అక్టోబర్ 22

ఇవాళ ఎవర్నీ తిట్టలేదు. ఎవరూ సరిపోలేదు.

అక్టోబర్ 24

రాడ్లు దించాను. వెళ్తున్నానని కాదు. సామాను సరిగ్గా ఉండాలి.

పొడుగు రాడ్డు నదికి, చెరువుకి కాదు. గట్టు మీద తుమ్మకొమ్మలుంటే విసిరే చోటుండదు. పొట్టిది తీశాను, ఆరున్నర అడుగులు. కొస మెత్తన, నడుము గట్టి. కొస మెత్తగా ఉంటేనే చేప అనుమానపడకుండా ఎర మింగుతుంది, నడుము గట్టిగా ఉంటేనే ఆ మొండి దవడలో ముల్లు దిగుతుంది. రింగులన్నిట్లోంచి దూది లాగాను. మూడో రింగులో పోగు చిక్కుకుంది — కంటికి కనబడని బీట. దారాన్ని కోసేది అదే. రింగు మార్చి, దారం చుట్టి, వార్నిష్ పూశాను. చుట్టు వంకర వచ్చింది. విప్పి మళ్ళీ చుట్టాను. కొసన రెండు మూరలు లావు దారం ముడేశాను. పండుగప్ప మొప్ప అంచు కత్తి. సన్న దారాన్ని ఒక్క విదిలింపుతో తెంపేస్తుంది.

ముడి మూడుసార్లు వేశాను. తడిపి బిగించాలి. ఉమ్ము చాలు. నోరు ఎండిపోయి ఉంది.

అక్టోబర్ 26, ఆదివారం

దలా పడవ ఎక్కే జెట్టీ. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాడ్డు గుడ్డలో చుట్టి ఒళ్ళో ఉంది.

మొదటి పడవ వదిలేశాను. సైకిళ్ళు, కూరగాయల తట్టలు, ఒక పెళ్ళి గుంపు — రద్దీ అని. రెండోది ఖాళీగానే వెళ్ళింది.

చెప్పవలసింది రెండు మాటలు. తప్పు నాది. రాత్రి నుంచి చదువుకుంటున్నాను. అచ్చుతప్పు లేదు, మార్చడానికి ఏమీ లేదు. పైకి అనబోయి దగ్గాను. పక్కనున్న ముసలమ్మ చూసి, "ఊజీ, నీళ్ళు కావాలా?" అంది. వద్దన్నాను. మామూలుగా అయితే కసురుకునేవాణ్ణి.

పోలయ్యకి చెప్పొచ్చు. వాడు ఏటోలే బావా అంటాడు, పళ్ళన్నీ బయటపెడతాడు, అక్కడితో వాడి దగ్గర తెగిపోతుంది. చెప్పవలసిన మనిషి వాడు కాదు. ఆమె శనివారాలు ఈ పడవే ఎక్కింది, పూల బుట్ట పట్టుకుని. లోపల ఏ వైపు కూర్చునేదో. ఎండ పడని వైపా, ఇల్లు కనబడే వైపా.

తిరి ఫోను. రెండోసారి మోగుతోంది. ఎత్తలేదు.

మూడోది వచ్చి ఆనింది. తాడు వేస్తున్నారు. జనం దిగుతున్నారు...