దొరగారి సెల్లారు

14 సెప్టెంబరు 1968, శనివారం

సెల్లార్లోకి నీళ్ళొచ్చాయి. పంపు పలకలేదు.

15 సెప్టెంబరు, ఆదివారం

ప్రార్థన అయి గుడి నుంచి రాగానే చూశాను. కింది మెట్లు రెండు మునిగాయి.

ఈ ఇల్లు కట్టించిన కెనడా దొర దేశంలో ప్రతి ఇంటి కిందా ఒక గది ఉంటుందట. రాజాంలో కూడా ఉండాలనుకున్నాడు. గునపం దింపితే నీళ్ళు పడే చోట. తవ్వాక తప్పు తెలిసింది కాబోలు, ఓడ మీద ఒక పంపు తెప్పించి మూల గుంటలో నిలబెట్టాడు. దానికొక రాగి బంతి. నీళ్ళొస్తే బంతి లేస్తుంది, మోటారు తనంతట తనే తిరుగుతుంది. దొర వెళ్ళిపోయాడు. మిషన్ వాళ్ళు ఇల్లు మాకిచ్చారు. బంగళా అని నేనే మురిసిపోయాను.

పొయ్యి పుల్లలు తడిసిపోయాయి. హార్మోనియం పెట్టె ఈత కొడుతోంది. ఆసుపత్రిలో మందులు కలిపే మా ఆయన కృపానిధి గారికి మోటార్ల సంగతి కూడా తెలుసట. రేపు చూస్తారట.

18 సెప్టెంబరు

ఆయన చూడటం అయింది. గంగులుని పిలిపించాం. రైసు మిల్లులో మోటార్లు చూసేవాడు. ఫ్యూజు బాగానే ఉందన్నాడు. బంతిని చేత్తో ఎత్తి చూశాడు. మోటారు మూలుగుతోంది గాని తిరగడం లేదు. ఇప్పి సూడాలమ్మగోరూ అన్నాడు. విప్పితే రెక్కల్లో నా పాత జాకెట్టు ముక్క. సిగ్గుతో చచ్చాను. గుడ్డ తీసినా మూలుగే.

20 సెప్టెంబరు

కాల్చేశారు.

గోడకి ఒక నల్ల డబ్బా ఉండేది, కరెంటు దాంట్లోంచే పంపుకి వెళ్ళేది. ఈ డబ్బాయే కరెంటు తినేస్తన్నాది కంపోండరుగోరూ, పంపు కాడికి సగమే పోతన్నాది అన్నాడు గంగులు. మీటరు పెట్టి చూపించాడు కూడా. ఈయన తల ఊపారు. డబ్బా పీకి వైరు సూటిగా కలిపారు. మోటారు రంకె వేసింది. పెరట్లోకి ఇంత లావు ధార పడింది. ఈయన గంగులు భుజం తట్టారు. నేను కాఫీ పెడదామని వెళ్ళాను. పాలు పొంగకముందే వాసన, ఆ వెనకే పొగ.

సాయంత్రం ఈయన పంపు మీది రేకు తుడిచి చదివారు. నూట పది వోల్టులు. దొర దేశంలో కరెంటు మన దాంట్లో సగమేనట. సగం చెయ్యడానికి పెట్టిన డబ్బాని సగం తింటోందని పీకేశారు. కాఫీ ఎవరూ తాగలేదు.

22 సెప్టెంబరు, ఆదివారం

మావయ్యకి, ఈయన నాన్నగారికి, మళ్ళీ ఆయాసం. డాక్టరమ్మ గుండె చూసి నన్ను వరండాలోకి పిలిచింది. వచ్చే వర్షాకాలం చూడరని చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది, ఇంగ్లీషులో అయితే తక్కువ నొప్పి అన్నట్టు.

పాస్టరు గారు కూడా వచ్చారు. ఆ మాటే మళ్ళీ వచ్చింది. మావయ్య జ్ఞానానందం గారు యాభై ఏళ్ళుగా గుడికొస్తున్నారు, చివరి బెంచీ. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా సంఘంలో నీళ్ళు చల్లితే చాలదు, ఒళ్ళంతా మునగాలి. అందరూ నాగావళిలో మునుగుతారు. చిన్నప్పుడు ఆ ఏటి వరదలోనే తమ్ముడి చెయ్యి మావయ్య చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ ఆయన ఏటి గట్టెక్కలేదు. స్నానం కూడా చెంబుతోనే.

మునగని వాళ్ళకి సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేదు. అత్తయ్య దేవమణి గారు అక్కడే ఉన్నారు. పక్కన స్థలం ఖాళీగా ఉంచారు.

ఆయన ఉన్న స్థితిలో నాలుగు చుక్కలు చల్లితే కాదా అని అడిగాను. రూలు నాది కాదమ్మా, నేను మార్చలేను అన్నారు పాస్టరు గారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. మావయ్య గోడ వైపు తిరిగి, దేవమణి కాడికే పోవాలనున్నాదయ్యా, గాని నాను దిగలేను, బయ్యిం అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కింద నీళ్ళు పోవు, పైన మావయ్య నీళ్ళలో దిగరు.

27 సెప్టెంబరు

వాన. సగం మెట్లు మునిగిపోయాయి. ఎవరి దగ్గరో డీజిల్ ఇంజను అడిగి తెచ్చారు. నీళ్ళు తోడాలంటే ముందు దానికి నీళ్ళు తాగించాలట. బిందెలకొద్దీ పోశాం. పైపు అడుగున నీళ్ళు జారకుండా ఆపే ఫుట్‌వాల్వు కారిపోతోంది, పోసినవి పోసినట్టు సెల్లార్లోకే. ఉన్న నీళ్ళకి మేం పోసినవి తోడు.

30 సెప్టెంబరు

మావయ్య సెల్లారు మెట్ల మీద కూర్చున్నారు. పాదాలు నీళ్ళలో. కేకలేశాను. సల్లగున్నాదమ్మా అన్నారు.

3 అక్టోబరు

మళ్ళీ అక్కడే. ఈసారి మోకాళ్ళ దాకా. తలుపుకి తాళం వేశాను.

4 అక్టోబరు

తాళం తీసి ఉంది. నాన్న అడిగారు, ఇచ్చాను అన్నారు ఈయన. ఇంట్లో నా మాటకి విలువెంతో తెలిసింది.

6 అక్టోబరు, ఆదివారం

ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం చివరి బెంచీ దాకా వచ్చి మావయ్యని దాటి వెళ్ళిపోయింది. మునగని వాళ్ళకి ఆ రొట్టె లేదు, ఎప్పుడూ అంతే. ఎప్పుడూ తల దించుకునే మనిషి ఈవేళ పళ్ళెం వైపే చూస్తూ ఉండిపోయారు.

11 అక్టోబరు

పంచె నడుం దాకా తడిసింది. జారాను అన్నారు. వణుకుతున్నారు. ఎలా తిట్టానో రాయను. రాత్రంతా దగ్గు. మందు కలిపే మొగుడున్నా ఏం లాభం. ఆ నీళ్ళు ముందు పోవాలి, లేకపోతే మనిషిని తినేస్తాయి.

12 అక్టోబరు

ఈయన్ని చీపురుపల్లి పంపాను. అక్కడ రైలెక్కి విజయనగరం వెళ్ళి కొత్త పంపు తేకుండా ఇంటికి రావద్దన్నాను.

19 అక్టోబరు

తెచ్చారు. ఇది పొలాల్లో వాడే రకం. బంతీ లేదు, డబ్బా లేదు, స్విచ్చి మనమే వెయ్యాలి. గంగులు పెరట్లో గట్టు మీద బిగించి, కొత్త ఫుట్‌వాల్వు కింద గుంటలోకి దింపాడు. ఈయన రేకు మీద వోల్టులు ముమ్మారు చదివాకే నన్ను స్విచ్చి వెయ్యనిచ్చారు.

తోడింది. నమ్మలేక వాసన చూస్తూ నిలబడ్డాను.

20 అక్టోబరు, ఆదివారం

సెల్లారు పొడి. వానలు కూడా ముఖం చాటేశాయి. చీపురేసి కడిగించి తలుపులు బార్లా తెరిచాను. పాట పాడుకున్నానట, ఈయన ఎగతాళి.

22 అక్టోబరు

మావయ్య అన్నం ముట్టడం లేదు. పొడి మెట్ల మీద కూర్చుని కిందికి చూస్తున్నారు.

24 అక్టోబరు

ఈవేళ పక్కన కూర్చుని బతిమాలాను. ఏమైంది మావయ్యా అన్నాను. ఖాళీ గది వైపు చూస్తూ చెప్పారు. ఇవి పారే నీళ్ళు గావు లీలా, నిలబడ్డ నీళ్ళు. మనిసిని లాక్కుపోవు. దినానికో మెట్టు దిగినాను. నడుం కాడికి ఒచ్చినాను. ఇంకో నాలుగు మెట్లయితే ములిగిపోదును, పాస్టరు అయ్యగారిని ఇక్కడికే పిలుద్దుననుకున్నాను అన్నారు.

సెప్పొచ్చు కదా అని నా నోటివెంట కూడా ఆయన భాషే వచ్చింది. సెప్తే మీరు సూస్తారు, సూస్తే నాను దిగలేను అన్నారు.

నా చేతుల్తో స్విచ్చి వేశాను. పాట పాడాను.

27 అక్టోబరు, ఆదివారం

గుడిలో వానకోసం ప్రార్థించాను. కోతలకొచ్చిన చేలు పెట్టుకుని ఊరంతా వాన వద్దని ప్రార్థిస్తోంది. ఆకాశం వాళ్ళ మాటే వింది. మావయ్య పాదాలు వాచాయి. ఈయన నాడి చూసి మందు కలపడానికి లేచారు.

30 అక్టోబరు

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. నాగావళిలోనే మునగాలని రూల్లో ఉందా అని అడిగాను. లేదన్నారు.

2 నవంబరు, శనివారం

గంగులు మాకు పిచ్చెక్కిందనుకున్నాడు. అయినా చెప్పినట్టే చేశాడు. ఫుట్‌వాల్వు పెరటి నూతిలో, నీళ్ళు పడే పైపు సెల్లార్లోకి.

మోటారు బాగా తోడింది. పాస్టరు గారు కింద నిలబడ్డారు. మావయ్య నా చెయ్యి పట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నారు. నీళ్ళు భుజాల దాకా వచ్చాక, తనే చెయ్యి వదిలి మునిగారు.