కిరీటం పెట్టుకున్నాయన చెప్పులు

అన్నయ్యకు,

క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మళ్ళీ అదే కల వచ్చింది. మన కుట్టు దుకాణంలో కిరీటం పెట్టుకున్న ఒకాయన నాన్న కుర్చీలో కూర్చుని ఉంటాడు. మూలనున్న మిషను ముందు ఒకావిడ తలెత్తకుండా కుడుతూ ఉంటుంది.

కలలకు అర్థాలు నేర్పే క్లాసుకు వెళ్ళొచ్చి నువ్వే విడమరిచి చెప్పావు: "పిచ్చిదానా, ఆ రాజు నీలోనే ఉన్నాడు. ఆవిడ నీలో ఉన్న తల్లి. కలలో కనిపించేవాళ్ళందరూ నువ్వే." నాన్న పోయాక, దుకాణంలో ఉన్నవన్నీ నీవేనని చెప్పిందీ నువ్వే. కలలో అందరూ నేను, మెలకువలో అన్నీ నీవి. పంపకం బాగానే కుదిరింది.

ఈసారి రాజుగారి కాళ్ళు చూశాను. నీ చెప్పులే. తెగిన పట్టీకి నేను వేసిన కుట్టు కూడా ఉంది. "టీ పట్రా" అన్నాడు, అచ్చం నీ గొంతుతో. ఆవిడ మాత్రం నిజంగా నేనే. అంతవరకు నీ క్లాసు అబద్ధం చెప్పలేదు.

నువ్వు మళ్ళీ క్లాసుకని ఊరు వెళ్ళావు కదా, ఇప్పుడు నాన్న కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. దుకాణం తాళంచెవి ఇమ్మంటే ఎన్నిసార్లో నవ్వి ఊరుకున్నావు. ఇక అక్కర్లేదు, తాళం మార్పించాను. తిరిగొచ్చాక తలుపు తట్టు, తీస్తాను.

వస్తూ వస్తూ ఒక టీ పట్రా.

నీ చెల్లెలు