గంజి కొట్లో ఆయన

పాసింగ్ అక్కకు, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

నీ మరిదిని మట్టి చేశాక నేరుగా ఇంటికే పోదామని జీప్నీ ఎక్కాను. దారిలో ఎక్కడా ఆగకపోతే పోయినవాళ్ళు వెంట వస్తారంటారుగా, వస్తే మంచిదే అనుకున్నాను. నా నల్లబట్టలు చూసి డ్రైవరు అడక్కుండానే గంజి కొట్టు ముందు ఆపాడు. బండిలోవాళ్ళంతా విసుక్కోకుండా నాతోపాటు దిగారు. కొట్టావిడ లూమెన్ వేడి గంజి చేతిలో పెట్టి, "మీ ఆయన్ని ఇక్కడే వదిలి వెళ్ళమ్మా. ఇలా వచ్చినవాళ్ళు మా కొట్లో బోలెడుమంది, ఆయనకూ కాలక్షేపం" అంది. ఏడుస్తూనే నవ్వాను.

ఎండుచేపలు పంపు. బావ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు నా దీవెనలు.

నీ చెల్లెలు టాసింగ్

అన్నట్టు, రోజూ పొద్దున్నే గంజికి అక్కడికే వెళ్తున్నాను. ఆయన పక్కన చోటు లూమెన్ ఎవరికీ ఇవ్వడం లేదు.