వాము పొట్లం

మస్కట్,
ఫిబ్రవరి 6

ప్రియమైన గౌరవ్వ వదినకు,

నేను బాగున్నాను. ఈ మాట ఇదివరకు ఫోన్లో చెప్పినప్పుడల్లా అబద్ధమే చెప్పాను, ఇప్పుడు నిజం చెబుతున్నాను. ఫోను సాక్ష్యం కోసం వకీలు దగ్గరుంది, అందుకే ఈ ఉత్తరం. మస్కట్ పక్కనే సీబ్‌లో వ్యాను నడిపే మన లింబాద్రి సెలవు మీద వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను.

ఇది ఆడవాళ్ల ఆశ్రయం. ఆరుగురం ఉన్నాం. నాకో మంచం, ఓ కిటికీ, గది తాళంచెవి నా చేతిలోనే. మన భాషావిడే, శ్రీలత గారని, కేసు పనులు చూస్తారు. వకీలు ఖర్చు, తిండి, ఊరికి టికెట్టు అన్నీ వీళ్లే భరిస్తున్నారు. ఈ ఉత్తరంలో తప్పులు దిద్దేదీ ఆవిడే.

జరిగింది నీకు సగమే తెలుసు. ఖురంలో హోటల్ పని అని విజిట్ వీసా మీద తెచ్చిన ఏజెంటు, పాస్‌పోర్టు, ఫోను లాక్కుని నన్ను సీబ్‌లో ఒక విల్లాలో పెట్టాడు. తను పక్కన నిలబడే నీకు ఫోన్ చేయించేవాడు. ఎవరింటికో అమ్మడానికి బేరమాడుతున్నాడని తర్వాత తెలిసింది. నా గదికి తాళం వేసేదీ తీసేదీ ఒక ఆడమనిషి. నల్ల బురఖాలో కళ్లు తప్ప ఏమీ కనబడవు. అందరూ ఖాలా, అంటే పిన్ని, అనేవారు. నోరు విప్పితే "చుప్", "బైఠో", అంతే. పద్దెనిమిదో రోజు ఆమె నా గది తీసి వెళ్లాక చూస్తే గేటుకు తాళంచెవి వేలాడుతోంది. పరుగెత్తాను. దారిలో ఎవరి ఫోనో అడిగి, కంఠతా పెట్టుకున్న లింబాద్రి నంబరుకు చేస్తే అతనే నన్ను ఇక్కడ చేర్చాడు. ఇప్పుడు ఏజెంటు, ఖాలా ఇద్దరూ పోలీసుల దగ్గరున్నారు. ఇద్దరి మీదా ఫిర్యాదు రాయించి సంతకం చేశాను. మార్చి ఎనిమిదిన కోర్టులో నా మాట వింటారు, అది కాగానే ఇంటికి.

ఇక నా బుర్ర తినేస్తున్న సంగతి. అక్కడ నాకు కడుపునొప్పి వచ్చిన రోజు ఎవరో తలుపు కింద నుంచి వాము పొట్లం తోశారు. వంటగదిలో ముగ్గురు నలుగురి అలికిడి ఉండేది, ఎవరో తెలియదు. ఆ పొట్లం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. దానికి చుట్టిన దారం చూడు వదినా, అచ్చం బీడీకి చుట్టినట్టే. నాకు విప్పబుద్ధి కాక మూల చింపి వాము తిన్నాను. ఒమన్‌లో బీడీలు చుట్టిన చెయ్యి ఎక్కడి నుంచి వచ్చింది? ఇరవై ఏళ్లు కార్ఖానాలో బీడీలు సరిచూసినదానివి, నువ్వే చెప్పాలి.

నా బిడ్డ జుట్టు ఆరాకే జడ వెయ్యి.

నీ ఆడబిడ్డ,
సత్తవ్వ

~

మెట్‌పల్లి,
మార్చి 1

ప్రియమైన సత్తవ్వకు,

అక్కడ నువ్వు కేసు పెట్టావా, సీఐడీలో చేరావా? ఉత్తరం చదివి ఏడ్వాలో నవ్వాలో తెలియక మీ అన్న పొయ్యి మీద పాలు పొంగబెట్టాడు.

పొట్లం చూశాను. దారం తిరగేసి చుట్టి ఉంది, అంటే ఎడమచేతి వాటం. నేను సరిచూసిన ఇన్నేళ్లలో అలాంటి చేతులు రెండే. ఒకామె ముసలిది, ఊరు దాటలేదు. రెండోది పక్క ఊరి సంగీత. నాలుగేళ్ల కింద మస్కట్ పోయింది, ఏడాదికల్లా ఫోన్లు ఆగిపోయాయి. పెళ్లి చేసుకుని మరిచిపోయిందని ఊరంతా అన్నారు. సిగ్గుపడి చెబుతున్నాను, నేనూ అన్నాను.

ఊహించుకోవడం ఎందుకని ఆమె తల్లి దగ్గరికే పోయాను. పోయేముందు సంగీత కట్టి దూలానికి వేలాడదీసిన బీర గింజల పొట్లం ఇంకా అలాగే ఉంది. తల్లి ఒక్కసారైనా విప్పలేదట. రెండూ పక్కపక్కన పెట్టాం. ఆమె చాలాసేపు చూసి, "ఇది నా బిడ్డ చెయ్యే గౌరవ్వా. వేరేటోళ్లకు రాదు" అన్నది.

లింబాద్రి రేపు తిరిగి బయలుదేరుతున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నాను. బాగా గుర్తు తెచ్చుకుని ఒకటి చెప్పు. ఆ ఖాలా తాళం ఏ చేత్తో తీసేది?

నీ కోసం దారి చూసే,
గౌరవ్వ

~

మస్కట్,
మార్చి 4

ప్రియమైన వదినకు,

ఎడమ చేత్తోనే.

పద్దెనిమిది రోజులు చూశాను. ఒక్కసారీ అనుమానం రాలేదు. బురఖా, హిందీ మాట చూసి పరాయిదనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. నాలాంటి మనిషిని నేనే దొంగల లెక్కలో రాయించాను.

శ్రీలత గారికి అన్నీ చెప్పాను. "మాట మారిస్తే ఏజెంటు వకీలు నిన్నే అబద్ధాలకోరు అంటాడు. కేసు సాగుతుంది, నీ టికెట్టు ఆగిపోతుంది. అయినా చెప్పొద్దని నేననను" అన్నారు. ఎనిమిదో తారీఖులోగా నీ జవాబు రాదు. కానీ నువ్వేమంటావో నాకు తెలుసు. బిడ్డకు మాత్రం అమ్మ ఇంకొన్నాళ్లు రాదని నెమ్మదిగా చెప్పు.

తప్పు దిద్దుకోవాల్సిన,
సత్తవ్వ

~

మస్కట్,
మార్చి 30

ప్రియమైన వదినకు,

ఖాలా మన సంగీతే, ఆమె దొంగ కాదని కోర్టులో చెప్పేశాను. శ్రీలత గారు చెప్పినట్టే ఏజెంటు వకీలు నన్ను ఉతికి ఆరేశాడు. నాలుగు రోజుల తర్వాత ఖాలాతో మాట్లాడనిచ్చారు. ఆమె తల ఎత్తలేదు. "సంగీతా, మీ అమ్మ బీర ఇత్తుల పొట్లం ఇంకా ఇప్పలేదట" అన్నాను.

ఆమె నోట మన మాటే వచ్చింది. "నాలుగేండ్లాయె, పురుగు పట్టి ఉంటయి. ఇప్పుమను" అన్నది. అలా అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఆగలేకపోయాను.

ఆమెనూ నాలాగే తెచ్చాడట. కొన్నవాళ్లు వెనక్కి పంపితే అక్కడే కాపలాకు పెట్టుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లతో తెలుగులో ఒక్క మాటన్నా తల్లి ఇంటికి మనుషుల్ని పంపుతానని బెదిరించాడు. నేను లింబాద్రి నంబరు మరిచిపోకుండా గదిలో పైకి వల్లించేదాన్ని గదా, తలుపవతల నిలబడి వినేదట. బయట నాకొక మనిషి ఉన్నాడు, తనకు ఎవరూ లేరు అనుకున్నది. తాళంచెవి మరిచినందుకు ఆ రోజు దెబ్బలు తిన్నది. ఆమె మరవలేదు వదినా.

ఇప్పుడు నా ఫిర్యాదు పక్కన ఆమెదీ ఉంది. ఇద్దరు చెబుతుంటే కొట్టిపారేయడం కష్టమని వకీలు ధీమా. జూన్ దాకా ఉండాలి. ఇద్దరికీ టికెట్లు, ఊరికి వచ్చాక కుట్టుమిషన్లు ఇప్పించడానికి శ్రీలత గారు తిరుగుతున్నారు. పోలీసులు సంగీతను ఇక్కడికే పంపారు, నా పక్క మంచం ఆమెది. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంచమన్నాను. లోపలి నుంచి రోజుకు పదిసార్లు వేసి తీసి చూసుకుంటోంది.

తల్లికి తను ఇప్పుడే రాయలేనంది. అందుకే ఈ ఉత్తరంతో పంపే వాము పొట్లానికి దారం కట్టే పని ఆమెకిచ్చాను. నువ్వు విప్పకు. అలాగే తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టు.

మీ,
సత్తవ్వ