మడమ ముక్కకు మందు

హైదరాబాద్, జూన్ 2007

మామా, దండాలు.

మీ ఊరికి ఫోన్ అందదు కనుక ఉత్తరం రాస్తున్నాను. దవాఖానాలో నీ మడమ మీది నల్లమచ్చ నుంచి చిన్న ముక్క తీసి చూశారు కదా, అది చర్మ క్యాన్సర్. ఇంకా లోపలికి పాకలేదు. ఆ భాగం కోసేస్తే బతుకుతావు, ఆలస్యమైతే డాక్టర్లు చేతులెత్తేస్తారు. నువ్వేమో చెప్పకుండా బస్సెక్కి బూర్గంపాడు వెళ్లిపోయావు. నువ్వు సంతకం పెట్టి ఒప్పుకున్నట్టే, ఆ ముక్కలో కొంత మందులు వేసి చూడ్డానికి మా ల్యాబ్‌లో పెంచుతున్నాం. వెంటనే రా.

నీ మేనకోడలు
దుర్గ

తా.క.: మంచం కింద ఎడమ చెప్పు మర్చిపోయావు. ఒంటి చెప్పుతో ఊరెట్లా చేరావు?

*

బిడ్డ దుర్గకు మామ ముసలయ్య దీవెనలు.

నేనెందుకు రావాలె? నా ముక్క నీ కాడనే ఉన్నది గదా. దానికే మందు పెట్టు, నాకు నయమైతది. మొన్న మీ అత్త జంపక్కకు జరమొస్తే ఆమెను తోల్కపోయిన్నా? తల చుట్టు తిప్పిన బియ్యం తీస్కపోయిన. ఊళ్లె ఎవరికి సుస్తైనా మందిచ్చే మా వడ్డె జోగయ్య, ఆ గింజలు చూసే ఏం పట్టిందో చెప్పిండు, కషాయమిచ్చిండు. బియ్యానికే గంత తెలిస్తే సొంత తోలుకు తెల్వదా? మడమ కోస్తే నేను అడవికెట్ల పోవాలె? ఫారెస్టుల వాచర్ నౌకరీ దిగినంక కూడ, పొద్దుగాల ఆ బాట నడవందే నాకు గంజి దిగదు.

మామ

తా.క.: ముక్కకు తిండి ఏం పెడుతున్నవ్? ఇప్పపువ్వు పంపుతున్న. పట్నం తిండికి అది చిక్కిపోతది.

*

మామా,

ఇప్పపువ్వు అందింది. ముక్కకు పెట్టలేదు, మేమే తిన్నాం. అది చిక్కిపోవడం లేదు, అదే మన బాధ. ఒంట్లో కణం పెరగాలంటే బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు ఒకరి నుంచి ఒకరికి అందుతూ లోపల జన్యువుల దాకా పోతుంది. మీ శాఖలో రేంజర్ చెప్తే బీట్ ఆఫీసర్, ఆయన చెప్తే వాచర్ కదిలినట్టు. నీ మచ్చలో నడుమనున్న ఒకడు చెడిపోయాడు. పైనుంచి ఎవరూ చెప్పకున్నా 'పెరగండి, పెరగండి' అని ఒకటే కేకలు. మేం వాడి నోరు మూయించే మందు వెతుకుతున్నాం. అది ఇంకా మనుషులకిచ్చే దాకా రాలేదు. నీకిప్పుడు కోతే దిక్కు.

దుర్గ

తా.క.: కుంటుతూ నడిచినా సరే, నాకు మామ కావాలి.

*

బిడ్డా,

ఇప్పుడు సమజైంది. నడుమనున్నోడు అచ్చం మా పాత బీట్ ఆఫీసరే. రేంజర్ సెలవుల ఉన్నా మమ్మల్ని గుంతలు తవ్వుమని సతాయించెటోడు. మీ సార్‌కు చెప్పి నా ముక్కల ఉన్నోణ్ని జల్దీ ట్రాన్స్‌ఫర్ చేయించు. నేనిక్కడ నిమ్మళంగ ఉంట.

మామ

తా.క.: ట్రాన్స్‌ఫర్ కాకుంటే సస్పెండన్న చెయ్యిరి. సాక్షి సంతకం నేను పెడత.

*

మామా,

సస్పెండ్ చేశాం. మందు వేస్తే డబ్బాలో నీ ముక్క పెరగడం ఆగింది. మా సార్ అందరికీ మిఠాయి పంచాడు. నేను తినలేక బయటికెళ్లి ఏడ్చాను. డబ్బాలో వాడి నోరు మూసినా నీ మడమలో వాడు అరుస్తూనే ఉన్నాడు మామా. ఒక్కటడుగుతాను, జోగయ్య తాతను కూడా అడుగు. గింజలు చూశాక ఆయనిచ్చిన కషాయం ఎవరు తాగారు? బియ్యమా, అత్తా?

దుర్గ

తా.క.: నీ చెప్పు నా బల్ల కిందే ఉంది.

*

బిడ్డా,

నీ ఉత్తరం జోగయ్యకు చదివి వినిపించిన. మస్తుగ నవ్విండు. 'పిల్ల సక్కగనే అడిగింది. మందు మనిషే తాగాలె' అన్నడు. నవ్వాగినంక కాలు నా ఒళ్లె పెట్టి అరికాలు చూపెట్టిండు. నా అసొంటి మచ్చనే, నాదానికన్న పెద్దది.

'ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?' అన్న.

'ఊరందరి బియ్యం నేను చూస్త. నా బియ్యం ఎవరు చూడాలె ముసలయ్యా?' అన్నడు.

వచ్చే సోమవారం ఇద్దరం బస్సెక్కుతున్నం. రెండు మంచాలు చూడు.

మామ

తా.క.: జోగయ్య తువ్వాల కొసకు బియ్యం ముడేసుకున్నడు. పట్నం డాక్టర్‌కు గింజలు చూసుడు వస్తదా అని అడుగుతున్నడు. రాదని మాత్రం చెప్పకు బిడ్డా.