మీ నాన్న మింగిన మాత్ర

అమ్మా లీటా,

దేవుని కృపవల్ల ఇక్కడ మన దీవిలో అందరం కులాసాగానే ఉన్నాం. ఆక్లాండులో నువ్వూ అల్లుడూ పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోనులో చెబుదామంటే ఇంటి నిండా చెవులే. పాస్టరమ్మ అక్కడికి వస్తోందని తెలిసి ఇన్నాళ్ళకు కలం పట్టాను.

పంది ఈనింది, ఏడు పిల్లలు. నాన్న సమాధికి సున్నం వేయించాం. వాకిట్లోనే కదా, పొద్దున్నే పక్కన చాప వేసుకుని కూర్చుంటాను. ఆసుపత్రి పెట్టె ఎందుకు తిరిగి ఇవ్వలేదని అడిగావు. నాన్న చివరిసారి "ఆమేన్" ఎలా అన్నారో పిల్లలకు చెప్పాలి, మళ్ళీ రాయమన్నావు. రెండింటికీ జవాబు ఒకటే.

నాన్న కడుపు పరీక్షకని నర్సు శనివారం ఇచ్చివెళ్ళిన మాత్రలో చిన్న యంత్రం ఉంది. కడుపులో పులుపెంత, వేడెంత అన్నది నడుముకు కట్టుకునే పెట్టెకు చెబుతుంది. "కడుపులో ఉన్నంతసేపు పులుపు అంకె రెండు. పేగుల్లోకి దిగితే ఆరు. పెట్టె దగ్గరుంటే అయిదు రోజులు పచ్చదీపం వెలుగుతుంది" అంది. ఆదివారం ఏడింటికి మింగారు. ఒంటిగంట దాకా ఏమీ తినకూడదు. నేను చర్చికి బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుని, "ఈ పూట ఉండిపోవే, ఏదోలా ఉంది" అన్నారు. "నేను లేకపోతే పాటెవరు ఎత్తుకుంటారు?" అని విడిపించుకున్నాను.

తిరిగొచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పుకుని పడుకున్నారు. పస్తు కదా, ఎవరమూ లేపలేదు. మీ ఎలిసారా బాబాయి పక్కనే కూర్చుని తింటూ, "అన్నయ్యా, దొంగనిద్ర చాలు! నీ వాటా కూడా నేనే లాగించేస్తున్నా. లేచి కొట్టు చూద్దాం!" అని ఒకటే వేళాకోళం. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. వేడి అంకె ముప్ఫై ఏడు ఉండాల్సింది ముప్ఫై అయిదు ఉంది. పెట్టె పాడైందనుకున్నాను.

ఒంటిగంటకు కొబ్బరిపాల చారు తీసుకెళ్ళి లేపబోయాను. చెయ్యి చల్లగా ఉందమ్మా.

అందరూ భోంచేసి నిద్రలో ఉన్నారు. నేను ఎవరినీ లేపలేదు. ఉండమంటే ఉండలేదని తెలిసిపోతుందని భయం. ఈగలు తోలుతూ కూర్చున్నాను. బాబాయి లేచి, "వదినా, చారు తాగాడా?" అంటే, "తాగి పడుకున్నారు" అన్నాను. సాయంత్రం ఊళ్ళో ఇంటింటా ప్రార్థన మొదలెట్టమని శంఖం ఊదారు. ప్రార్థన చివర ఆయన నోటిదగ్గర చెవి పెట్టి, ఆమేన్ అన్నారని చెప్పాను. ఆ మాట అన్నది నేను.

ఆ రాత్రి నిద్రలో పోయారని అందరూ అనుకున్నారు. మంగళవారం సమాధి చేశాం. మాత్ర సంగతి ఎవరికీ గుర్తురాలేదు, నాకు తప్ప. చాప మీద కూర్చుంటే ఒళ్ళోని పెట్టె పచ్చగా వెలిగేది, ఇంట్లోకొస్తే ఆరిపోయేది. వేడి ఇరవై ఏడు, అరచేతికింద మట్టి ఎంతో అంత. పులుపు మాత్రం రెండే. గురువారం పొద్దున నేను చూస్తుండగానే మూడు, నాలుగు, ఆరు అయింది. కదలని మనిషిలో అదెలా దిగిందో ఎవరిని అడగను? మట్టికింద ఆయన పక్కకు ఒత్తిగిలినట్టయింది. "ఉన్నానండీ, ఎక్కడికీ వెళ్ళను" అన్నాను. మర్నాడు దీపం పోయింది.

సోమవారం పెట్టె ఇచ్చేస్తాను. ఆయన ఏ గంటకు చల్లబడ్డారో అందులో ఉంటుంది. ఆ అంకెలు నీకూ పంపుతారట. వాటికంటే ముందు నా నోట వినాలని ఇది రాశాను. దేవుడికి చెప్పుకున్నాను. పిల్లలకేం చెబుతావో నీ ఇష్టం.

ఈ కాగితాలు చించకు, దాచు. బాబాయికి మాత్రం చూపించకు. ఆ మధ్యాహ్నం తను ఎవరిని లేచి కొట్టమన్నాడో అతనికి తెలియనక్కర్లేదు.

ఇట్లు,
ఉండమంటే ఉండని
మీ అమ్మ