మామయ్యగారి మంచం పక్కన కుర్చీ

అత్తయ్యా, నమస్కారం. మేమంతా క్షేమం. నా దగ్గు తగ్గింది, బెంగపడకండి.

నిన్న లా కాలేజీలో నాకు వీడ్కోలు సభ చేశారు. "రోగుల హక్కులు, ముసలివాళ్ల హక్కులు ఇన్నేళ్లు పాఠం చెప్పారు కదా మేడమ్, ఏ పుస్తకం చదివి ఇటొచ్చారు?" అని ఓ పాత శిష్యురాలు అడిగింది. "పుస్తకం కాదమ్మా, మా అత్తగారు" అన్నాను. మామయ్యగారి జబ్బు సంగతి డాక్టరు వరండాలో కొడుకులకు గుసగుసగా చెబుతుంటే, మీరు మంచం పక్కన కుర్చీ వేసి ఆ డాక్టర్ని లోపలికి పిలిచారు. "ఆయనకి చెవులు బాగానే వినపడతాయండీ. ఒళ్లు ఆయనది, ఆయనకే చెప్పండి" అన్నారు. అప్పుడు నేను కొత్త కోడల్ని, గుమ్మంలో అలా నిలబడిపోయాను. ఆ తర్వాత నేను చదివిందీ, చెప్పిందీ ఆ ఒక్క మాటే. నిన్న ఈ సంగతి చెప్పగానే హాలంతా చప్పట్లు కొట్టారు. అవి మీవి, అందుకే రాస్తున్నాను.

పంపిన స్వెట్టరు సరిపోయిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా? మీ కంటి ఆపరేషనుకి మరిది రోజు ఖాయం చేశాడట. మిమ్మల్ని అడిగాడా? అడక్కపోతే డాక్టరుగారికి మళ్లీ కుర్చీ వేయండి. వాదన దాకా వస్తే, మీరు తయారుచేసిన లాయరు ఇక ఖాళీగానే ఉంది.

మీ దీవెనలు కోరే
పెద్ద కోడలు